అడ్డురేకు

మంచువాన వెలిసిన మూడోరోజు.
లామెక్ దీవిలో ప్రతి తీగా
బొటనవేలంత మందాన గాజు తొడుక్కుని
రోడ్డు మీదికి వంగిపోయింది.
పానెల్ మూత ఊడదీసి
నేలమాళిగ గోడకి ఆనించాడు ఒనెజీమ్.

నేను పిలవలేదు.
మా బయటిగోడకి జనరేటర్ ప్లగ్గు పెట్టె బిగించి
కారకే నుంచి వచ్చినవాడు లోపలి పని సగంలో వదిలేశాడని
రోడ్డు మీంచి చూసి పసిగట్టి
బూట్లకి ముళ్లు కట్టుకుని నడిచి వచ్చాడు,
జేబులో అరచెయ్యంత రేకుతో.

"టార్చి కొంచెం కిందికి, నొయెల్లా."
మరలు నా చేతిలో పోశాడు.
ఆయనకి కుడిచెయ్యి ఒక్కటే.
ఎడమవైపు చొక్కా మడత
పిన్నుతో భుజానికి గుచ్చి ఉంటుంది.
పద్నాలుగేళ్లుగా ఆ పిన్ను ఎదురైతే,
చర్చిలోనో, చేపల రేవులోనో,
చుట్టు తిరిగి పోతున్నదాన్ని నేను.

అప్పుడూ ఇలాంటి మంచే.
నాన్న ఒక తీగ చేశాడు, రెండు చివరలా మగ ప్లగ్గులే.
ఒకటి జనరేటర్లో,
ఒకటి బట్టలారబెట్టే మిషను సాకెట్లో.
మెయిన్ దించడం మరిచిపోయాడో,
దించాననే అనుకున్నాడో,
పోయేదాకా రెండురకాలుగానూ చెప్పాడు.
తర్వాతి స్తంభం దగ్గరే లైను తెగి ఉంది గనక
మోయాల్సిన బరువు లేక
జనరేటర్ మూలగనైనా లేదు.
ఇల్లు వెలిగింది. పిల్లలం చప్పట్లు కొట్టాం.
అమ్మ టీకి నీళ్లు పెట్టింది.

ట్రాన్స్‌ఫార్మర్‌కి రాకా పోకా ఒకటే.
పైనుంచి వస్తే దించుతుంది,
కిందనుంచి పోతే పెంచుతుంది.
మా వంటింటి రెండువందల నలభై
స్తంభమెక్కి ఏడువేలు దాటి
తెగిన కొసన కాచుకుని కూర్చుంది.
చచ్చిన తీగే కదా అని
చెయ్యి వేశాడు లైన్‌మన్.

నాన్న ఆస్పత్రికి పీతలు పట్టుకెళ్లాడు, ఒక బకెట్ నిండా.
ఒంటిచేత్తో పీతని ఒలవడం ఎలాగని
ఆ గదిలో ఎవరూ అనలేదట.

ఇప్పుడు ఆ ఒంటిచెయ్యే
మెయిన్‌కీ కొత్త బ్రేకర్‌కీ నడుమ
రేకుని పెట్టి, జరిపి, మళ్లీ పెట్టి
ఒక్కొక్క మరా అడిగి తీసుకుంటోంది.
అది ఎక్కితే ఇది ఎక్కదు,
ఇది ఎక్కాలంటే అది దిగి తీరాలి.
ఒక ఒరలో రెండు కత్తుల సామెత
రెండు డాలర్ల తగరంలో.

చివరి మర దగ్గర
చెయ్యి ఆపకుండానే అన్నాడు:
"ఎర్త్ కట్టకుండా ముట్టుకున్నాను, తెలుసా.
ఇంకా ఇరవై ఇళ్లు చీకట్లో ఉన్నాయని తొందర.
మీ నాన్నకి చెబుదామనుకుంటూనే ఉన్నాను."

టార్చి వణికితే
"గోడ కాదు, పానెల్" అన్నాడు.

బయట, కిటికీలకి దూరంగా,
పొగగొట్టం సముద్రం వైపు తిప్పి
తాడు లాగాను. మూడో లాగుకి అందుకుంది.
లోపల ఆయన మెయిన్ దించి, రేకు జరిపి,
ఒక్కొక్క మీటా లేపాడు:
ఫర్నేసు పంకా. ఫ్రీజరు,
దాన్నిండా నాలుగు నెలల చేపలు. వంటింటి దీపం.
"కెటిల్ కావాలంటే ఫ్రీజరు కాసేపు ఆపు" అన్నాడు.
ఆపాను. ఇద్దరం టీ తాగాం.
చక్కెర డబ్బా మూత నేనే తీయబోయి,
ఆగి, డబ్బా ఆయనవైపు జరిపాను.

రాత్రి పదకొండింటికి కంపెనీ బండి వచ్చింది.
మా పెరటి స్తంభం మీద ఒక కుర్రాడు,
నుదుటి దీపం వెలుగులో
తీగ మీది గాజు చిట్లగొడుతున్నాడు.
ముందు భూమికి గొలుసు కట్టాడు, చూశాను.
అయినా నేలమాళిగలోకి దిగి
మెయిన్ మీద బొటనవేలు పెట్టి
ఒంట్లో బలమంతా కూడదీసి పైకి తోశాను.

కదల్లేదు.