పావు తిప్పు

సెరంగో కొండ మీంచి దిగిన జీపులో
గోనెసంచిలో చుట్టి తెచ్చాడు ఏలియా రైతా,
ఎర్ర గిటారు.
మూడు వానాకాలాలు చర్చి అటక మీద పడుకుని
మెడ ముందుకు వంచుకుంది.
తీగల కింద చీమల బారు
తల వంచకుండా నడిచిపోగలదు.

"పై స్వరాలు నా మాట వినట్లేదక్కా," అన్నాడు తెలుగులో.
దాన్ని సంచిలోంచి తీస్తూ
దానితో ఏదో సవరలో అన్నాడు.
ఖరీదు మాత్రం ఒడియాలో అడిగాడు.

పర్లాకిమిడిలో మాది కొమ్ముపనివాళ్ళ వీధి.
మా అయ్య దున్నకొమ్ముని కాచి, సాగదీసి
ఒంటికాలి కొంగలు చేసేవాడు.
నాకు కొంగలు రాలేదు.
ఆకురాళ్ళు వచ్చాయి.

మెడ లోపల ఇనపకడ్డీ ఒకటి ఉంటుంది, పైకి కనపడదు.
ఆరు తీగల లాగుడుకీ అదొక్కటే ఎదురు.
అలెన్ కీ దూర్చి పావు తిప్పు తిప్పాను.
కర్ర కిర్రుమంది. ఆగాను.
సగం తిప్పితే పని తొందరగా అయిపోతుంది,
మెడ కూడా.
"రేపు చూద్దాం," అన్నాను.
"మళ్ళీ జీపు రేపు సాయంత్రమే."
"అయితే అరుగు మీద పడుకో."

రాత్రంతా మహేంద్రతనయ వైపు నుంచి చెమ్మగాలి.
కర్ర తన సంగతి తను ఆలోచించుకుంది.

పొద్దున్నే మొదటి మెట్టూ చివరి మెట్టూ నొక్కిపట్టి
ఏడో మెట్టు మీద సందు చూశాను.
పలాస బస్సు టిక్కెట్టు, నాలుగు పొరలుగా మడిచి
దూర్చితే దూరింది, ఒరుసుకుంటూ.
చాలు. కర్రులా తిన్నగా ఉన్న మెడ మీద
తీగకి ఊగడానికి చోటుండదు.

పాత ప్లాస్టిక్ నట్టు రెండుగా పగిలి ఉంది.
కొంగ కాలికి కోయగా మిగిలిన ముక్కలోంచి కొత్తది తీశాను.
ఆరు గాట్లు పెడుతుంటే
వెంట్రుకలు కాలిన వాసన.
"దున్నపోతుదా?" అడిగాడు ఏలియా.
"మా తాత పోయినప్పుడు ఒకదాన్ని కోశారు.
నాన్న అప్పటికే చర్చిలో కలిశాడు.
దూరంగా, చింతచెట్టు దగ్గర నిలబడి చూశాడంట."
ఆకురాయి కాసేపు ఆపాను.
తర్వాత మళ్ళీ రాశాను.

వంతెన మరలు దించాను.
తీగలు వేళ్ళకి అందాయి, అందగానే
డబ్బాలో పడ్డ కందిరీగలా ఒకటే రొద.
చెవి పెట్టి మెట్టు మెట్టుకీ వెతికాను. దొరకలేదు.

అయ్య వచ్చాడు.
ముప్పై ఏళ్ళు పాలిష్ మోటారు తినేసిన చెవులు.
గిటారు తలని దవడకి ఆనించుకుని
మీటమని సైగ చేశాడు.
కళ్ళు మూసుకుని గోరు జరుపుతూ పోయి, ఆగి,
వీధంతా వినపడేలా అరిచాడు:
"ఇక్కడే! తొమ్మిదో మెట్టు నెగిసినాది!"

నెగిసినదే.

చివరికి శ్రుతి.
పన్నెండో మెట్టు మీద నొక్కకుండా వేలు తాకిస్తే
చిన్న గంట మోగుతుంది.
అక్కడే నొక్కితే ఆ స్వరమే రావాలి.
రాదు, పిసరంత పైకి పోతుంది;
నొక్కడమంటేనే లాగడం కదా.
అందుకని తీగ కాలిని కింద వెనక్కి జరపాలి,
వెంట్రుకవాసి, మళ్ళీ వెంట్రుకవాసి.
అయిదు తీగలు ఒప్పుకున్నాయి.
మూడోది మర చివరికంటా వెళ్ళినా
ఇంకా ఆవగింజంత హెచ్చే.

"ఇంతకన్నా నా వల్ల కాదు," అన్నాను.
ఏలియా వాయించాడు. మూడో తీగ దగ్గరికొచ్చి
దాన్ని వేలితో పక్కకి తోసి
ఇంకా ఎత్తుకి ఎక్కించి వదిలాడు.
"దీన్ని నేనెలాగూ కుదురుగా ఉండనివ్వను."

నూట యాభై ఇచ్చాడు,
తక్కువైన దానికి మూడు అనాసపళ్ళు.
సందు చివర జీపు హారన్ కొట్టింది.
అయ్య అరుగు మీద కూర్చుని
దవడ తడుముకుంటున్నాడు,
అక్కడింకా ఏదో మోగుతున్నట్టు.