దులుపు

నీవా ఇసుకలో నాలుగు చుట్లు ఉరికిస్తే చాలు
చమ్కీ తల వాల్చేసి
ఖళ్ళు ఖళ్ళుమని దగ్గేది.
దిష్టన్నాడు నాయన.
మెడకు నిమ్మకాయ, నల్లదారం,
శొంఠీ బెల్లం.
పెండ్లి ఊరేగింపులో దగ్గిందని
బాడుగలో రెండొందలు కోసినారు కూడా.

తిరుపతి పశువుల కాలేజీలో చదివిన డాక్టరమ్మ
గొట్టం చెవుల్లోంచి తీసి
నేరుగా కొట్టంలోకి నడిచింది.
గుప్పెడు చెనిక్కాయ కట్టె విదిలించింది.
తలుపు సందు ఎండలో
బూజు పొగలా లేచింది.
"నిలబడి ఉంటే సగం ఊపిరితో గడిచిపోతుంది.
రాత్రంతా పీల్చింది
ఉరికేటప్పుడే బయటపడుతుంది."

మేత తడిపి వేయమంది,
వెనక గోడకు కిటికీ కొట్టమంది.
నాయన అప్పుడే గడ్డపార వెతుకుతున్నాడు.

"రోజూ ఈ కట్టె దులిపేదెవరు?"

తలుపు చాటున అమ్మ
కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.