కాలువ కట్టిన నెల

బలిపీఠం మీద ఊదా గుడ్డ పరిచిన బుధవారం నుంచి
మా ఇంట్లో నీచు లేదు.
పనికి మాత్రం రొయ్యల షెడ్డుకే పోవాలి.
తెల్లారి నాలుక్కి వ్యాను,
ఐసు నీళ్ళలో చేతులు,
తల తుంచడం, పొట్టు ఒలవడం, నరం లాగడం.
సాయంత్రం ప్రార్థనకి చేతులు జోడిస్తే
ముక్కుకి ముందు తగిలేది రొయ్యే.
"ఉపాసం నోటికేగానీ వేళ్ళకి కాదుగా"
అని నవ్వుతాడు మేస్త్రీ.
నేనూ నవ్వుతాను.

నిజం చెప్పొద్దూ, చేప మానడం ఏం కష్టం?
ములక్కాడలు విరగకాసే రోజులాయె.
మామిడి పిందె వేసి పప్పు వండితే
ప్రభువా, ఇదీ శ్రమేనా అనిపిస్తుంది.

పదిహేడో రోజు మా గుమ్మంలో కూడిక.
అయ్యగారు చదువుతూ చదువుతూ ఆగి
"ఏం మానారమ్మా ఈ ఏడు?" అన్నారు.
ఒకరు టీ అన్నారు, ఒకరు సీరియలన్నారు,
యాకోబు మావయ్య చుట్ట అని, వెంటనే దగ్గాడు.
నా వంతు వచ్చేసరికి
చాప ఈనె పీకుతూ కూర్చున్నాను.

మూడేళ్ళు. ఒక ఇత్తడి గుండిగ.
అత్త ఆదరణ కూడికనాడు
వంటయ్యాక తోమి బోర్లించింది,
తెల్లారేసరికి తోడికోడలు సలోమి ఇంట్లో ఉంది.
గోడకి అటు తను, ఇటు నేను.
అత్త వేసిన కరివేపాకు మాత్రం
ఇద్దరం కోసుకుంటాం, వేరువేరు వేళల్లో.

మట్టల ఆదివారం మర్నాడు
లాకుల దగ్గర తలుపులు దించేశారు.
సీసాలు, ఒంటి చెప్పులు, వినాయకుడి పీట,
కాలువ దాచిందంతా బయటపెట్టి
ఒప్పుకోలు చెప్పుకుంటున్నట్టు పడుకుంది.

శనివారం సమాధులకి సున్నం వెయ్యాలి.
గుల్ల కొన్నాను, కొబ్బరి పీచుతో కుంచె కట్టాను.
నీళ్ళు లేవు.
పంచాయతీ కుళాయి మూడ్రోజులుగా ఉత్త గాలే.
బోరింగున్నది సలోమి పెరట్లో.

బకెట్టు పట్టుకుని
ఆ దడి దగ్గర ఎంతసేపు నిలబడ్డానో.
తను చూసింది.
బకెట్టు చూసింది, గుల్ల అంటిన నా గోళ్ళు చూసింది.
పలకరించలేదు. వచ్చి బోరింగు కొట్టింది.
ముందు తుప్పు, తర్వాత గాలి, తర్వాత నీళ్ళు.
నిండినా కొడుతూనే ఉంది,
నా పాదాల మీంచి పారుతూనే ఉంది.

లోపలికెళ్ళి గుండిగ తెచ్చింది.
"ప్లాస్టిక్కులో పోస్తే కారిపోద్ది,
ఇందులో కలుపు."

అత్త సమాధి పక్కన గుల్ల పోసి నీళ్ళు వొంపితే
కుతకుతమని పైకి లేచింది సున్నం.
నా కొంగు పట్టి వెనక్కి లాగింది తను.
ఆవిరికి ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం.
కుంచె ఒకటే ఉంది.