నక్షాలో లేని తీగ

సాల్వాలో ఒక విల్లా.
ప్లాస్టరు ఇంకా పడని గోడ మీద
పెన్సిలుతో వెలుతురు గీస్తున్న.

నక్షా నా మోకాలి మీద పరిచి ఉంది.
అద్దాల అల్మారాలో అరకొక సన్నదీపం,
గాజు గిన్నెలు గాలిల తేలుతున్నట్టు కనబడాలట.
నడిమి బండ అడుగంచుకు ఒక వరుస,
అంత బరువూ నేలను తాకనట్టు ఉండాలట.
కహ్వా పోసే దల్లాకు ఒక గూడు, గూటికో స్పాటు,
మూడు వేల కెల్విన్లు, తేనె రంగు.

"దీపం కనబడొద్దు, వెలుగే కనబడాలి"
అన్నది లెబనాన్ డిజైనరమ్మ.
మంచి మాట. రాసుకున్న.
స్ట్రిప్పును అల్మారా ముందంచుకు బిగించాలె,
గోడ దిక్కు జరిపితే గోడకే వెలుగు, చేతికి కాదు.
నల్ల గ్రానైటు అద్దమసొంటిది,
పైన పాలరంగు మూత లేకుంటే
చుక్క చుక్కా లెక్కపెట్టి చూపిస్తది.
డ్రైవరు డబ్బాకు గాలాడాలె,
లేకుంటే రెండు ఎండకాలాలకే మాడి ఊకుంటది.
పద్నాలుగేండ్ల చదువు నాది,
సర్టిఫికెట్ లేదు.

ఈ వంటింట్ల వంట చెయ్యరు.
ఆ సంగతి నక్షాలో ఉండదు.
వంటంతా వెనకింట్ల,
నాలుగు పొయ్యిలు, జిడ్డు పట్టిన చిమ్నీ.
కాగితం మీద దాని వాటా
కప్పు నడుమ ఒక్క ట్యూబులైటు.

చాయ్ తెచ్చింది దస్తగిరమ్మ.
చిన్నమండెం అట. ఈ ఇంట్ల తొమ్మిదేండ్లు.
నా "ఏడ"కు ఆమె "యాడ" తగిలి
ఇద్దరం నవ్వినం.
"ఇన్నిన్ని దీపాలు దేనికన్నా?"
"గిన్నెలకక్కా."
"గిన్నెలేమన్నా చదువుకుంటాయా?"

నేనింక నవ్వుతనే ఉన్న,
ఆమె నన్ను వెనకింట్లకు పిలిచి
ట్యూబు వేసి, పీట ముందు నిలబడ్డది.
"చూడు."
వీపు వెనక వెలుగు. పీట మీద
కత్తి లేదు, ఎర్రగడ్డ లేదు,
మొత్తం ఆమే.
"తొమ్మిదేండ్ల నుంచి నా నీడనే తరుగుతా ఉండా.
బియ్యంలో రాయి వేలితో చూస్తా,
పోపు ఏగిందో మాడిందో ముక్కుతో చూస్తా."
ఎడమ బొటనవేలు చూపెట్టలే.
నాకే కనబడ్డది, మూడు తెల్లగీతలు.

నాలుగడుగుల స్ట్రిప్పు, నాలుగు వేల కెల్విన్లు,
ఒక్క స్విచ్చు. అరగంట పని.
డిజైనరమ్మను అడిగిన.
"ఆ గది నా కాంట్రాక్టులో లేదు."
ఫోర్‌మన్‌ను అడిగిన.
"కాగితం లేకుండా ఒక్క స్క్రూ కూడా వద్దు."
ఇద్దరిదీ తప్పని అనలేను.

రాత్రి జలీబ్‌ల మా రూము.
తొమ్మిది మందికి ఒకటే పొయ్యి, నా వంతు పదింటికి.
టమాటా కోద్దామని వంగితే
పీట నిండ నా తలకాయ.
ఊరోళ్ల వంటిండ్లన్నీ వెలిగిస్తున్నోణ్ని,
ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న
నా పీట దిక్కు చూడలే.

తెల్లారి మేస్త్రీ రాకముందే
వెనకింటి గోడకు సన్నగ గాడి కొట్టిన.
నా సంచిల మిగిలిన తోకముక్క వైరు,
స్విచ్చు పెట్టె దాక లాగి
రెండు కొసలకూ టేపు చుట్టి పండబెట్టిన.
మధ్యాహ్నానికి సిమెంటు కప్పింది,
వారానికి తెల్ల పలకలు కప్పినయ్.

"పొయ్యికి ఎడమ, కిందికెల్లి మూడో పలక.
తడితే బోలు చప్పుడొస్తది అక్కా.
మామా ఎన్నడన్న సరే అంటే
ఎవనితోనన్న అక్కడ తీయించు."
ఆమె వేలి గణుపుతో తట్టింది.
చెవి దగ్గర పెట్టి మళ్ల తట్టింది.
"ఉంది" అన్నది,
కడుపుల బిడ్డ తన్నితే అన్నట్టు.

అప్పగింతల నాడు రిమోటు నొక్కినరు.
గిన్నెలు తేలినయ్. బండ లేచింది.
అందరూ ఫోన్లు తీసినరు.
వెనక ట్యూబు రెండుసార్లు కొట్టుకొని వెలిగింది.
ఆమె ఎటు నిలబడ్డదో
చూసే వీలు దొరకలే, వ్యాను హారన్ కొట్టింది.

ఆ రాత్రి రూముల
పీటను పొయ్యికి ఇవతల నుంచి అవతలికి మార్చిన.
నడవ ఇరుకైందని ఇద్దరు గొణిగినరు.
బల్బు ఇప్పుడు నా ఎదురుంగ ఉంది.
కోసిన ఉల్లిగడ్డ
లోపల పొర పొరా ఆకుపచ్చగ ఉంది.