మూడో కాలు

కొర్లగుంటలో నాలుక్కే కొళాయి నీళ్లొస్తాయి.
ఆ పొద్దు బిందెలు నిండి, పొర్లి,
గ్రైండరు కాళ్లదాకా పారినాయి.

దాని వైరును ఎలుక కొరికి మూడు నెల్లు.
మొదట నల్ల టేపు చుట్టినా.
అది ఊడితే, వేలు తెగినప్పుడు మిగిలిన ప్లాస్టరు.
దానిమీద పాల కవరు, రబ్బరు బ్యాండు.
బిడ్డకు కట్టినట్టు కట్టి
"ఏం కాదులే" అని దానికీ చెప్పినా, నాకూ చెప్పుకున్నా.

ఒకటి రెండు తూర్లు
పప్పు తోస్తావుంటే చెయ్యి జివ్వుమనింది.
చీమనుకున్నా.
తెల్లారేలోగా అయిదు కేజీల వడపిండి బండికి చేరాల,
చీమల సంగతి చూసే తీరిక యాడుంది?

కవరు కింద చిటచిట. నీలం మెరుపు.
కాలిన రబ్బరు వాసన.
మంచం మీదనుంచి మునిశేఖరు ఒక కాలు కిందికి జార్చినాడు,
"అవ్వా, ప్లగ్గు పీకేదా?"

"దిగొద్దురా!"
ఆ గొంతు నాదేనా అనిపించింది.

నేనప్పటికి గడప బయట, ఎండిన మెట్టు మీద.
చెయ్యి ప్లగ్గు మీదికే పోవాలని చూసింది,
ముప్పై ఏండ్ల అలవాటు దానికి.
కాలు ఒప్పుకోలేదు.
తడి చేతులు కొంగుకు తుడిచినా, మళ్లా తుడిచినా.
మెట్ల కింద మీటరు డబ్బా.
మెయిను దించినా.
గ్రైండరు ముక్కుతా ముక్కుతా ఆగింది.
అంత చల్లని చీకటిని నేనెప్పుడూ చూళ్లేదు.

ఆరు గంటలకు దొరస్వామి వచ్చినాడు.
టెస్టరు పెట్టి చూసినాకనే చెయ్యి వేసినాడు.
నా కట్లన్నీ విప్పతా నవ్వలేదు.
"గాయమైతే మానతాదక్కా. వైరు మానదు."
ప్లగ్గు తిప్పి చూసి అడిగినాడు,
"దీని మూడో కాలేదీ?"

రెండు బొక్కల బోర్డులో పట్టలేదని
పోయినేడు నేనే విరిచినా, రోకలితో.

"దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగే కాలు అది.
అది లేకుంటే నీ కాళ్లే దానికి దారి."

అంగళ్లు తెరిచినాక కొత్త వైరు, కొత్త బోర్డు.
పాత వైరును ముక్కలు చేయించినా,
ఇంకెవురూ నా మాదిరి చుట్టకుండా.

ఆ పొద్దు పప్పు సగమే నలిగింది.
వడలు గులకరాళ్లు.
ఆటో పిల్లోళ్లు "ఏందవ్వా ఇవి?" అంటే
మాట్లాడకుండా ఇంకో గరిటె చట్నీ పోసినా.
బండి పక్కన స్టూలు మీద మునిశేఖరు
రెండు కాళ్లూ ఊపుకుంటా
నాలుగో వడ అడగతా ఉండాడు.