మా స్టాపు తర్వాత

మద్రాసులో ఆడవాళ్ళకి మామూలు బస్సు ఉచితం.
కండక్టరు చింపి ఇచ్చిన సున్నా రూపాయల టికెట్టుని
మడిచి గాజుల కింద దోపుకుంటాను,
నాయన చెవి మీద బీడీ దోపుకున్నట్టు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై నాలుగేళ్ళు
ఊళ్ళకి ఊళ్ళని కలిపాను గానీ
సైదాపేటలో ఉన్న నన్ను
పట్టాళంలో ఉన్న నాతో ఎన్నడూ కలపలేదు.
"లైన్లు ఖాళీ లేవు" అనడం అంత అలవాటైపోయింది.

మంగళవారం. మోకాలికి పట్టీ, సంచిలో మజ్జిగ సీసా.
బీచి స్టేషను దాకా లోకలు, అక్కణ్ణించి ప్యారీసు దాకా నడక.
మా పాత నంబరు బస్సు ఇప్పుడు లేదు.
దాని మనవరాలు కాబోలు,
అంకె పక్కన ఓ అక్షరం తగిలించుకుని
అరగంట ఆలస్యంగా వచ్చింది.

ఎడమవైపు కిటికీ.
అప్పుడూ ఇదే వైపు, నాయన ఒళ్ళో,
ఆయన చొక్కాకి ఎప్పుడూ నూలు దుమ్ము వాసన.
నిద్రపోయేదాన్ని. ఒక్కోసారి
మోసుకెళ్తాడని నిద్ర నటించేదాన్ని.
"సుగుణా, మన స్టాపు" అనేవాడు.
దిగాక వెనక్కి తిరిగి చూసేదాన్ని:
లోపల దీపాలతో వెళ్ళిపోతూ బస్సు.
మనం దిగేశాక కూడా పోతుందేం?
అటువైపు ఇంకా ఎవరున్నారు?
"విల్లివాక్కం" అనేవాడు నాయన,
అదే జవాబైనట్టు.

పెంచలయ్య మేస్టారు గుణింతాలు దిద్దించిన బడి
ప్లైవుడ్ గోడౌను అయింది.
పైన, సున్నం పెచ్చుల మధ్య
'పాఠశాల'లోంచి ఒక్క 'ఠ' మిగిలింది.
ఎవరికీ పెద్దగా పని లేని అక్షరం,
అందుకే ఎవరూ చెరపలేదు.

మిల్లు ఉన్న చోట పద్దెనిమిది అంతస్తులు.
గేటు దగ్గర కుర్రాడు, ఒడిశా వాడట,
రిజిస్టరు నా ముందుకి తోశాడు:
పేరు. ఫోను. ఎవరింటికి. ఫ్లాటు నంబరు.
మూడో గడి దగ్గర కలం ఆగింది.
నాయన పేరు రాశాను.
నాలుగో గడిలో: మూడో లైను, పద్నాలుగు.
పాపం ఇంటర్‌కంలో చాలాసేపు నొక్కాడు.
"ఎత్తడం లేదు ఆంటీ" అన్నాడు చివరికి,
మర్యాదగా, రెండోసారి అడగనివ్వకుండా.
ఆ గొంతు నాకు తెలుసు.
ముప్ఫై నాలుగేళ్ళు అది నాదే.

ఇంటికి పోవాలంటే రోడ్డు దాటి
ఎదురు స్టాపులో నిలబడాలి.
దాటలేదు.

వచ్చిన బస్సు ఎక్కాను. మా స్టాపు వెనక్కి జరిగింది,
నేనింకా లోపలే ఉండగా, మొదటిసారి.
ఓట్టేరి. ఓ కసాయి కొట్టు, ఓ చర్చి, బండి మీద జామకాయలు.
అరవై ఏళ్ళుగా మా ఇంటికి అరమైలు దూరంలో
ఇవన్నీ ఉన్నాయన్నమాట.
అయనావరంలో ఎక్కిన పిల్ల,
మెళ్ళో ఏదో బట్టల కొట్టు గుర్తింపు కార్డు,
రెండు నిమిషాల్లో నా భుజం మీద నిద్రపోయింది.
మోకాలు సలిపింది. కదల్లేదు.

విల్లివాక్కం అంటే ఇదీ:
రేకుల షెడ్డు. నేల మీద నూనె మరకలు.
తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్న డ్రైవరు.
ఆగిన బస్సు కింద, ఇంకా వేడిగా ఉన్న చోటు వెతుక్కునే కుక్క.
"ఎక్కడికి పోవాలి పాటీ, ఇదే ఆఖరు" అన్నాడు కండక్టరు.
"ఇక్కడికే" అన్నాను.
ఆయన లోపలి దీపాలు ఆర్పాడు.
అవి ఆరడం నేను చూడటం ఇదే.

పిల్ల ఉలిక్కిపడి లేచింది.
తన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.
"లేపకూడదా పాటీ!" అని విసుక్కుంది.
నిజమే. లేపాలి.
నాయనకి తెలిసిన పని అదొక్కటీ
నాకు తెలియలేదు.

సగం మజ్జిగ తనకిచ్చాను. బాగా పులిసింది, ముఖం చిట్లించి తాగింది.
వెనక్కి వెళ్ళే బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం.
"పడుకో, ఈసారి లేపుతాను" అన్నాను.
పడుకోలేదు.