వృత్తి గడి

హన్మకొండల ఈఎస్ఐ ఆఫీసు ఎదురుంగ
జిరాక్సు షాపు మెట్టు మీద కూసుంట.
భృతి కాయితం రాసిపెడితే ఇరవై రూపాయలు.

పేరు, ఊరు గబగబ చెప్తరు.
వృత్తి అనంగనే ఆగుతరు.

ఓదెలుది గ్రానైటు పాలిషు.
"పడత అని రాస్తవా, పట్టేటోన్ని అని రాస్తవా" అంటడు.
నడుమ దగ్గొస్తది.
కంపెనీ మూసి నాలుగు నెలలాయె,
దుమ్ము ఇంకా డ్యూటీ దిగలే.

జిన్నింగు మిల్లు సారక్కకు
మెల్లగ మాట్లాడుడు రాదు.
మిషన్ల మోతల పెరిగిన గొంతు,
ఆమె కూలెంతో లైనంత తెలిసిపోయింది.
"సగం కూలి, తొంబై రోజులు" అన్నడు లోపలి సారు.
"సగం బియ్యం పోస్తే కుండ నిండుతదా"
తనలో తనే అనుకున్న అనుకున్నది.
రోడ్డవతల ఆటోవాళ్ళు నవ్విన్రు.

ఖైసర్ భాయి సినిమా హాలు ఆపరేటరు.
కౌంటరు కంతల తల వెట్టి
ఇరవై రెండేండ్లు కంతలకెళ్ళే లోకం జూసిన,
నాకిది కొత్తనా అన్నడు.
అవతల బొమ్మ పడలే. సర్వరు డౌను.

ఇయ్యాల పొద్దుగూకంగ
మొన్నటిదాంక ఆ కంత అవతల కూసున్న పిలగాడొచ్చిండు,
అవుట్‌సోర్సింగు.
మెడల తాడున్నది, కార్డు లేదు.
యాభై నోటు నా చేతుల వెట్టి
పెన్ను గుంజుకొని
వృత్తి గడి తనే నింపుకున్నడు,
చెయ్యి అడ్డం పెట్టి, పరీక్షల లెక్క.

ముప్పై వాపసిచ్చిన.
రాసింది వాడే గదా, ఇంకో ఇరవై ఇయ్యాలె.
చిల్లర లేదు తమ్మీ అన్న.
ఉండె.